అతిథులకూ కుట్టుపనికీ ఒకటే హాలు: మూడు నెలల పాటు సర్దుకున్న నా అనుభవం

మా ఇంట్లో పెద్దదని చెప్పుకోదగిన గది ఒక్కటే. ఎవరైనా వస్తే కూర్చోబెట్టేది అందులోనే, నా కుట్టు మిషను ఉండేది అందులోనే, సెలవు రోజుల్లో నేను బొమ్మలు వేసుకునే బల్ల ఉన్నదీ అందులోనే. మార్చి ఆఖరులో మా అక్క కుటుంబమూ మా వదిన కుటుంబమూ కలిపి పన్నెండు మంది ఒక సాయంత్రం మా ఇంట్లో కలుసుకోవాలని జనవరి మొదట్లో అనుకున్నాము. ఆ గదిని వచ్చేవాళ్లకూ నా పనికీ కూడా పనికివచ్చేలా మార్చాలన్న ఆలోచన అప్పుడే గట్టిపడింది. ఏ పనికి ఎంత కాలం పడుతుంది, ఎక్కడ చేతులు కట్టుకుని కూర్చోవలసి వస్తుంది, డబ్బు దేనికి పోతుంది అన్న సంగతులు మొదలుపెట్టే ముందే తెలిసి ఉంటే నాకు ఎంతో మేలు జరిగేది కనుక, జరిగినవన్నీ జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

జనవరి రెండో వారంలో మొదలైన పని ఖాళీ చేయడం. రంగు ఏది వేయాలి, దిండు గలీబులు ఎలా ఉండాలి అన్న ఉత్సాహంతో మొదలుపెట్టిన మనిషికి ఇది నీరసం తెప్పించే పని. అయినా బట్టలు, దారాలు, రంగులు, కాగితాలు, పనిముట్లు అన్నీ ఒక్కసారి నేల మీద పరిచి, ఏ జాతి వస్తువును ఆ జాతిలో కుప్ప పోసేవరకూ మన దగ్గర ఏమున్నదో మనకే తెలియదు. కాగితం కత్తిరించే కత్తెరలూ బట్ట కత్తిరించే కత్తెరలూ కలిసిపోయి ఉన్నాయి. బట్ట కత్తెరతో కాగితం కోస్తే దాని పదును త్వరగా పోతుంది కాబట్టి, బట్టకు వాడేవాటి పిడులకు ఎర్ర రిబ్బను కట్టాను. గొట్టాల్లో గట్టిపడిన ఆక్రిలిక్ రంగులు ఇక నీళ్లకు లొంగవు గనుక పారవేయవలసి వచ్చింది; ఎండిపోయిన నీటి రంగులు మాత్రం తడి కుంచె తగలగానే మళ్లీ కరుగుతాయి కాబట్టి వాటిని చిన్న గిన్నెల్లోకి మార్చి దాచుకున్నాను. నూనె రంగుల్లో కలిపే అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఒక మూల ఉండలా చుట్టి పడి ఉన్నాయి. అటువంటి గుడ్డలు ముద్దగా ఉంటే తమంతట తామే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి, మూత పెట్టి బయటికి పంపించాను. ఇంట్లో నూనె రంగులు వాడేవాళ్లెవరైనా ఈ ఒక్క పనిని మాత్రం వాయిదా వేయకూడదు.

కుప్పలన్నీ పూర్తయ్యాక ఏ జాతికీ చెందని కుప్ప ఒకటి మిగిలింది. అది సగంలో ఆగిన పనుల కుప్ప. కత్తిరించి కుట్టని జాకెట్టు, అంచు మిగిలిన టేబుల్ క్లాత్, ఆకాశం వరకు వేసి వదిలేసిన బొమ్మలు, మా అక్క కూతురి కోసం కత్తిరించిన గౌను. ఆ పిల్ల ఇప్పుడు ఆ గౌనుకు రెట్టింపు పొడుగుంది. అక్కడే నాకు అసలు విషయం తెలిసింది. హాలు చిందరవందరగా కనిపించడానికి కారణం సరంజామా ఎక్కువ కావడం కాదు. దారాలకు పెట్టె ఉంది, కుంచెలకు కూజా ఉంది, బట్టలకు అలమర ఉంది. సగం పనికి మాత్రం చోటు లేదు. అది సోఫా మీదికో, బల్ల మీదికో, కుర్చీ వీపు మీదికో చేరుతుంది, ఎవరైనా వస్తున్నారనగానే గబగబా ఎత్తి మంచం కింద పడవేస్తాము, ఆ తరువాత ఆరు నెలలు దాని ముఖం చూడము. బజారులో దొరికే సర్దుడు సామాను అంతా సరుకు దాచుకోవడానికే తయారవుతుంది, జరుగుతున్న పనిని దాచుకోవడానికి కాదు. దాంతో నా ప్రణాళిక మొత్తం మారిపోయింది. ముందుగా సగం పనులకు చోటు, ఆ తరువాతే మిగిలినవి అని నిర్ణయించుకున్నాను.

ఆ కుప్పను విడదీయడానికి పట్టిన కాలంలో ఎక్కువ భాగం చేతులకు కాదు, మనసుకే పట్టింది. ప్రతి ముక్క వెనుకా ఒక ఉద్దేశం ఉంటుంది, దాన్ని వదులుకోవడమంటే ఆ ఉద్దేశాన్నే వదులుకున్నట్లు అనిపిస్తుంది. చివరకు లోతు తక్కువ ఉన్న, వెడల్పయిన పళ్లేల వంటి ట్రేలు నాలుగు తీసుకుని, ఒక్కో ట్రేలో ఒక్కో పనిని మాత్రమే, దానికి కావలసిన దారం, బొత్తాలు, కొలతల చీటీతో సహా పెట్టాను. చీటీ మీద తరువాత చేయవలసిన పని ఒక్క వాక్యంలో రాసి ఉంటుంది. మళ్లీ కూర్చున్నప్పుడు ఎక్కడ ఆగామో వెతుక్కోనవసరం లేదు. నాలుగు ట్రేలకు మించి ఉండకూడదు, అయిదో పని మొదలుపెట్టాలంటే నాలుగింటిలో ఒకటి పూర్తి కావాలి లేదా విప్పివేయాలి. ఇది కొంచెం కర్కశమైన నియమమే, కాని ఈ మూడు నెలల్లో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది ఇదే.

జనవరి మూడో వారమంతా కొలతలతో గడిచింది. బరువైన సామాను జరిపి చూసుకునే ఓపిక లేనందున, పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపుతో నేల మీదనే సోఫా, బల్ల, అలమర ఎంతెంత చోటు ఆక్రమిస్తాయో గీతలు వేసి, ఒక వారం ఆ గీతల మధ్యనే తిరిగాము. ఇంటిల్లిపాదీ అసలు ఎటునుంచి ఎటు నడుస్తున్నారో ఈ వారంలోనే కనిపించింది. వీధి గుమ్మం నుంచి వంటగదికి పోయే దారికి నా మిషను సరిగ్గా అడ్డంగా ఉండేది. అందరూ దాన్ని తప్పుకుని పోవడానికి ఎంత అలవాటు పడ్డారంటే, అడ్డమన్న సంగతే ఎవరికీ తోచలేదు. మనిషి ఇబ్బంది లేకుండా నడవడానికి 75 నుంచి 90 సెంటీమీటర్ల దారి కావాలి. చేతిలో పళ్లెమో చంకలో పిల్లో ఉంటే 90 వైపే మొగ్గడం మంచిది. సోఫాకూ టీపాయికీ మధ్య 40 నుంచి 45 సెంటీమీటర్లు చాలు. అంతకంటే దూరమైతే కప్పు పెట్టడానికి లేవవలసి వస్తుంది, దగ్గరైతే మోకాళ్లు తగులుతాయి. భోజనాల బల్ల దగ్గర కుర్చీ వెనక్కి లాగి లేవడానికి బల్ల అంచు నుంచి గోడ వరకు సుమారు 90 సెంటీమీటర్లు వదిలాము.

మిషను కిటికీ పక్క గోడ వైపుకు మారింది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకు వెలుతురు ఎడమవైపు నుంచి వస్తే సొంత చేతి నీడ సూది మీద పడదు. అయితే కిటికీ ఎండ బట్టల రంగునూ దారాల రంగునూ నీటి రంగు బొమ్మలనూ క్రమంగా వెలవెలబోయేలా చేస్తుంది గనుక, కూర్చునే చోటు కిటికీ దగ్గర, సరుకు మాత్రం ఎండ పడని ఎదురు గోడన అని పంచుకోవలసి వచ్చింది. బట్ట కోసేటప్పుడు కింద పరిచే, పచ్చని చాపలా ఉండే కటింగ్ మ్యాటును కూడా ఎండకు దూరంగా, చదునుగా పడుకోబెట్టాలి. వేడికి అది వంకరపోయిందంటే మళ్లీ సాపు కావడం కష్టం.

ఫిబ్రవరి మొదటి వారంలో గోడలకు రంగు వేయించాము. దుకాణంలో ఇచ్చే చిన్న చీటీ చూసి రంగు ఎంచుకోవడం నాకు ఇష్టం లేక, తెల్ల అట్టల మీద మూడు రంగులు వేసి, వాటిని గోడకు ఆనించి ఉదయం, సాయంత్రం, రాత్రి దీపం వెలుగులో చూశాము. పగలు లేత బూడిద రంగుగా కనిపించినది రాత్రి దీపం కింద ఆకుపచ్చ చాయ తిరిగింది. చివరకు మీగడ రంగుకు దగ్గరగా ఉండేదాన్ని ఎంచుకున్నాము. దాని ముందు బట్టలు గాని బొమ్మలు గాని ఏ రంగువైనా ఒప్పుతాయి, పైగా దాని మీద పడి తిరిగివచ్చే వెలుతురు నా రంగుల పనిని చెడగొట్టదు. పుట్టీ, ప్రైమర్, రెండు పూతలు. నీటితో కలిపే రంగైతే పూతకూ పూతకూ మధ్య నాలుగు గంటల వ్యవధి సాధారణంగా సరిపోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఇంకా ఆగాలి. తాకితే చేతికి అంటనంత మాత్రాన రంగు పూర్తిగా గట్టిపడ్డట్టు కాదు, దానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా సామాను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచమని పెయింటరు చెప్పాడు. గోడకు అంటించే కొక్కేల పెట్టె మీద కూడా కొత్త రంగు వేసిన తరువాత కనీసం ఒక వారం ఆగమని, అంటించాక ఒక గంట తరువాతే బరువు తగిలించమని రాసి ఉంటుంది. ఈ సంగతి తెలియక ముందే తేదీలు వేసుకుంటే ప్రణాళిక తలకిందులవుతుంది. మా లెక్కలో గోడ రంగు ఖరీదు కంటే పుట్టీ, ఉప్పుకాగితం, రోలర్లు, నేల మీద పరిచే ప్లాస్టిక్ పట్టాలు, కూలీ కలిపి ఎంతో ఎక్కువైంది.

రంగు ఆరుతున్న రోజుల్లో హాలు ఖాళీగా ఉండేది, మాట్లాడితే గొంతు ప్రతిధ్వనించేది. పిల్లలకు అదొక ఆటయింది గాని, పన్నెండు మంది ఒకేసారి మాట్లాడితే ఈ గది ఎలా ఉంటుందో అన్న ఆలోచన నాకు అప్పుడే వచ్చింది. తివాచీ, మందపాటి తెరలు, గుడ్డ తొడిగిన దిండ్లు కంటికి ఇంపు కోసమే అని అంతవరకూ అనుకునేదాన్ని. చెవికి కూడా వాటి అవసరం ఉందని ఖాళీ గది చెప్పింది. అందుకే తెరలకు బట్ట కొన్నప్పుడు కడ్డీ పొడవుకు దాదాపు రెండింతల వెడల్పు తీసుకున్నాను. మడతలు ఎక్కువగా పడితే చూడ్డానికీ నిండుగా ఉంటుంది, చప్పుడూ తగ్గుతుంది.

ఇక అలమర. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఖర్చూ ఎక్కువ నిరీక్షణా దీనిదే. తలుపుల్లేని అరల మీద గాజు సీసాల్లో రంగురంగుల దారాలు పేర్చిన ఫొటోలు చూడముచ్చటగా ఉంటాయి, నిజమే. కాని ఆ సీసాల మీద దుమ్ము ఎవరు తుడుస్తారో ఫొటోలో కనిపించదు. అతిథులు కూర్చునే గదిలో కంటికి విశ్రాంతి కావాలంటే పనిసామాను తలుపు వెనుక ఉండాలన్నది నా అభిప్రాయం. కాబట్టి ఒక గోడ పొడవునా తలుపుల అలమర చేయించాము. లోతు 40 సెంటీమీటర్లకు మించనివ్వలేదు. మడత పెట్టిన బట్టలకు అది చాలు, అంతకంటే లోతుంటే వెనక వరుసలో పెట్టిన వస్తువు పోయినట్టే లెక్క. బట్టల బరువు చూడ్డానికి తెలియదు గాని చాలా ఉంటుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు అరకు 80 సెంటీమీటర్ల లోపే ఒక నిలువు ఆధారం ఇప్పించాము, లేకపోతే కాలక్రమేణా నడుము వంగుతుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నప్పుడు ఎత్తయిన అలమరను గోడకు బిగించి తీరాలి. తెరిచిన సొరుగులను మెట్లుగా చేసుకుని ఎక్కడం వాళ్లకు సహజం.

రెండు వారాల్లో ఇస్తానన్న వడ్రంగి ఫిబ్రవరి అంతా గడిపి మార్చి మొదటి వారంలో తెచ్చాడు. ఆ కాలమంతా పెట్టెలన్నీ పడకగదిలో ఉన్నాయి, మంచం చేరాలంటే పక్కకు తిరిగి నడవవలసి వచ్చేది. మా వారు ఒక రాత్రి దారాల డబ్బా తన్నుకుని, అది దొర్లుకుంటూ పోతుంటే ఏమీ అనకుండా దీపం ఆర్పేశారు. ఆ మౌనం నన్ను తిట్టిన దానికంటే ఎక్కువ బాధపెట్టింది. వడ్రంగికి ఫోను చేసినప్పుడల్లా "రేపు సాయంత్రానికి పాలిష్ అయిపోతుందమ్మా" అనేవాడు. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే మిగిలిన డబ్బును పనిలో దశలవారీగా ఇస్తామని మాట్లాడుకున్నందువల్ల మాత్రమే అది మార్చిలోనైనా వచ్చిందని నా నమ్మకం.

వడ్రంగి పనితనంలో మాత్రం వంక పెట్టలేము. నాకు నిలబడి బట్ట కత్తిరించుకునే బల్ల కావాలి. దానికి నడుము వంగకుండా ఉండాలంటే 90 సెంటీమీటర్ల ఎత్తు నా పొడుగుకు సరిపోతుంది. కూర్చుని కుట్టే బల్ల, భోజనాల బల్ల 75 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి. కత్తిరింపు బల్లకు చక్రాలు వేయిస్తే అతిథులు వచ్చిన రోజున గోడ దగ్గరకు తోసి, దుప్పటి పరిచి, వడ్డించే బల్లగా వాడుకోవచ్చన్నది నా ఆలోచన. ఆ మాట విని వడ్రంగి టేపు తీసి, "చక్రం 75 మిల్లీమీటర్లదైనా బిగింపు పలకతో కలిపి దగ్గర దగ్గర 10 సెంటీమీటర్లు లేస్తుందమ్మా, కాళ్లు అంత తగ్గించి కోయాలి" అన్నాడు. ఆ 10 సెంటీమీటర్లు తగ్గించకపోతే బల్ల నా మోచేతి దాకా వచ్చేది. నాలుగు చక్రాలకూ తాళం ఉండేవే తీసుకోవాలి, లేకపోతే బట్ట మీద కత్తెర నడుస్తుంటే బల్ల కూడా నడుస్తుంది.

అలమర తలుపుల్లో ఒకదాని లోపలివైపు రంధ్రాల పలక బిగించి, కొక్కేలకు కత్తెరలు, స్కేళ్లు, టేపులు తగిలించాము. రంధ్రాల మధ్య దూరం సాధారణంగా 25 మిల్లీమీటర్లు ఉంటుంది. కొక్కెం వంపు పలక వెనక్కి దూరాలి కనుక పలకకూ తలుపుకూ మధ్య కొంత ఖాళీ వదలాలి, ఎదురుగా ఉన్న అరలు కూడా తలుపు మూసినప్పుడు పనిముట్లకు తగలకుండా లోపలికి జరిగి ఉండాలి. ఈ ఖాళీ కోసం ఆ అరల లోతు మరికాస్త తగ్గించవలసి వచ్చింది. ప్రతి పనిముట్టు చుట్టూ పెన్సిలుతో దాని ఆకారం గీసి పెట్టాను. కొక్కెం ఖాళీగా ఉంటే ఏది ఎవరు తీసుకున్నారో వెంటనే తెలుస్తుంది. స్కూలు పని కోసం కత్తెర పట్టుకుపోయే పిల్లలున్న ఇంట్లో ఇది ఎంత సుఖమో చెప్పలేను. అలమర వచ్చిన మొదటి రోజుల్లో కొత్త ప్లైవుడ్డు, పాలిష్ వాసన బట్టలకు పట్టకుండా తలుపులన్నీ బార్లా తెరిచి, కిటికీలు తీసి ఉంచాము. సర్దడానికి చేతులు ఎంత తహతహలాడినా ఆ వారం ఆగాలి.

దీపాల పని చవకగా, త్వరగా తెమిలింది, కాని దాని ఫలితం మాత్రం మిగిలిన వాటికంటే ఎక్కువగా కనిపించింది. అంతకుముందు సీలింగు మధ్యన ఒకే ఒక్క తెల్లని దీపం ఉండేది, దాని కింద కూర్చున్న వాళ్లందరి కళ్ల కింద నీడలు పడేవి. ఎల్ఈడీ బల్బు పెట్టె మీద కెల్విన్లలో ఒక సంఖ్య ఉంటుంది. 2700 నుంచి 3000 వరకు ఉంటే పసుపు వెలుగు, 4000 దగ్గర తటస్థమైన తెలుపు, 6500 అంటే నీలం చాయగల తెలుపు. కూర్చునే చోట 2700 కెల్విన్ల దీపాలు రెండు టేబుల్ ల్యాంపుల్లో పెట్టాను, కూర్చున్న మనిషి కంటికి బల్బు నేరుగా తగలకుండా గొడుగు అంచు కంటి ఎత్తుకు కాస్త దిగువన ఉండేలా చూశాను. మిషను మీద మాత్రం 4000 కెల్విన్లది, రంగులను సరిగ్గా చూపే గుణాన్ని తెలిపే సీఆర్‌ఐ సంఖ్య 90 దాటినది పెట్టాను. బట్టకూ దారానికీ రంగు పసుపు దీపం కింద కలిసినట్టే ఉండి, పగటి వెలుగులో విడిపోయి కనిపించడం కుట్టుపని చేసేవాళ్లందరికీ తెలిసిన బాధే. రెండు రకాల దీపాలకూ వేర్వేరు స్విచ్చులు. వచ్చిన ఎలక్ట్రీషియను వెలుగు తగ్గించే డిమ్మరు కూడా వేద్దామన్నాడు గాని, అందుకు తగినవని పెట్టె మీద రాసి ఉన్న ఎల్ఈడీలే కొనాలి, మామూలువైతే మిణుకుమిణుకుమంటాయి. ఆ బల్బుల ధర చూసి ఆ మాట పక్కన పెట్టాము.

మార్చి రెండో వారంలో గది చూడ్డానికి అక్క ముందుగా ఒకసారి వచ్చింది. నేను సోఫాలూ కుర్చీలూ గోడలకు ఆనించి మధ్యనంతా విశాలంగా వదిలి, చాలా బాగుందని మురిసిపోతున్నాను. అక్క ఒక మూల కూర్చుని, "ఏమే, అక్కడి వాళ్లతో మాట్లాడాలంటే నేను కేకలు వేయాలా?" అంది. ఎదురెదురు సీట్ల మధ్య దూరం రెండున్నర మీటర్లు దాటితే మాట సాగదని ఆ రోజే తెలిసి, సోఫాను గోడ నుంచి ముందుకు జరిపి, దాని ముందు కాళ్లు రెండూ తివాచీ మీద ఉండేలా పెట్టాము. సోఫా వెనుక ఏర్పడిన సందులోకి నా ట్రేలు పెట్టుకునే బండి దూరింది, అనుకోకుండా దొరికిన చోటు అది. ప్రతి సీటుకూ చేయి చాచినంత దూరంలో గ్లాసు పెట్టుకోవడానికి ఏదో ఒక ఉపరితలం ఉండాలన్నది కూడా అక్క మాటే. టీపాయి అందని చోట రెండు పీటలు, ఒక తలకిందుల చెక్క పెట్టె ఆ పని చేశాయి. వాటికి గోడ రంగే వేయడంతో ఒకే జత అనిపించాయి.

మిగిలిన రెండు వారాలూ నాకు ఇష్టమైన పని. మిగులు ముక్కలతో దిండు గలీబులు కుట్టాను. నూలు బట్ట ఉతికితే కుంచించుకుపోతుంది కాబట్టి ముందే ఉతికి ఆరవేసి కత్తిరించాను; 40 సెంటీమీటర్ల గలీబులో 45 సెంటీమీటర్ల దిండు పెడితే మూలలు కూడా నిండుగా ఉంటాయి. అంచు మిగిలి ఆగిపోయిన టేబుల్ క్లాత్ మొదటి ట్రేలోంచి బయటపడింది. బల్ల అంచు నుంచి 25 సెంటీమీటర్లు కిందికి వేలాడేలా మడిచి కుట్టాను, ఇంకా పొడుగైతే కూర్చున్న వాళ్ల ఒళ్లో పడుతుంది. బొమ్మలు తగిలించే ముందు ఫ్రేముల కొలతకు పాత వార్తాపత్రికలు కత్తిరించి, టేపుతో గోడకు అంటించి, రెండు రోజులు అటూ ఇటూ జరిపి చూసుకున్నాము. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడినవాళ్లకు హాయిగా ఉంటుంది. సోఫా మీదుగా తగిలించేవాటిని మాత్రం సోఫా వీపుకు ఒక జానెడు పైన ఉంచాము, మరీ ఎత్తుకు పోతే బొమ్మకూ సోఫాకూ సంబంధం తెగిపోతుంది. బల్ల మీది పూలను కూర్చున్నవాళ్ల గడ్డానికి దిగువన ఉండేలా కత్తిరించాను; పూలగుత్తి పక్కనుంచి తొంగిచూస్తూ మాట్లాడుకోవడం ఎవరికీ బాగుండదు. వాసన కొవ్వొత్తులు బాగుంటాయని వదిన ఫోనులో చెప్పింది గాని, తినే చోట ఇంకో వాసన కలవడం నాకు నచ్చక, "వాసన లేనివే పెడతాను వదినా" అన్నాను.

అందరూ వచ్చే ఆ సాయంత్రానికి ముందు, పనిగదిని అతిథుల గదిగా మార్చడానికి పట్టిన సమయం పది నిమిషాలకు కాస్త అటూ ఇటూ. మిషను మీద మూత, ట్రేలు బండిలోకి, బండి సోఫా వెనక్కి, కత్తిరింపు బల్ల గోడ దగ్గరికి, అలమర తలుపులు మూత. ఆ తరువాత అయస్కాంతాన్ని తాడుకు కట్టి తివాచీ మీదా సోఫా సందుల్లోనూ తిప్పితే, ఊడ్చినా కనిపించని గుండుసూదులు గుప్పెడు వచ్చాయి. పాకే పిల్లలు వస్తున్న ఇంట్లో ఇది చేయకుండా తలుపు తీయకూడదు. గుండ్రటి బ్లేడు కట్టర్లు, బ్లేడ్లు అలమర పై అరలోకి పోయి, దానికి తాళం పడింది.

జరిగిన తీరు నా అంచనాకు చాలా దూరంగా ఉంది. దీపం, కుర్చీ, పూలు పెట్టి ఎంతో శ్రద్ధగా అమర్చిన మూలలో మొదటి గంటంతా ఎవరూ కూర్చోలేదు. అందరూ కత్తిరింపు బల్ల చుట్టూనే నిలబడ్డారు. 90 సెంటీమీటర్ల ఎత్తు మోచేతులు ఆనించి కబుర్లు చెప్పుకోవడానికి అంత అనువుగా ఉంటుందని నాకు తోచలేదు. భోజనాల బల్ల దగ్గర మనిషికి 60 సెంటీమీటర్ల చొప్పున లెక్క వేసి ఎనిమిది కుర్చీలు సర్దితే, పెద్దవాళ్లు నలుగురే కూర్చున్నారు, మిగిలిన వాళ్లు పళ్లేలు పట్టుకుని తిరిగారు. సంచులు, పసిపిల్లల సామాను పెట్టడానికి గుమ్మం దగ్గర ఖాళీగా వదిలిన బెంచీ మాత్రం వచ్చిన అయిదు నిమిషాల్లో నిండిపోయింది. ఇంకో బెంచీ ఉన్నా నిండేదే. తివాచీ, తెరల పుణ్యమా అని అంతమంది మాట్లాడుతున్నా గది హోరెత్తలేదు, మా మామగారు చెవి మిషను తీయకుండా చివరిదాకా కూర్చున్నారు. అది నాకు దక్కిన పెద్ద మెప్పు.

పిల్లలు సోఫా వెనుక బండిని పసిగట్టారు. గౌను ఉన్న ట్రే బయటికి లాగి, "ఇది ఎవరిది పిన్నీ?" అని అక్క కూతురే అడిగింది. చెబితే ఎగిరి గంతేసి, దాన్ని భుజాల మీద పెట్టుకుని అద్దం ముందు నిలబడింది, అది ఆమె నడుము దాకా కూడా రాలేదు. ఆ బట్టతో తనకు సంచి కుట్టమని అడిగి, అక్కడికక్కడే చీటీ మీద పాత వాక్యం కొట్టివేసి "సంచి, రెండు జేబులు" అని రాసింది. నేను ఎన్నో వారాలుగా తేల్చుకోలేని సంగతి ఆ పిల్ల అర నిమిషంలో తేల్చేసింది.

మరునాడు ఉదయం గదిని మళ్లీ పనిలోకి తేవడానికి మార్చినంత సమయం కూడా పట్టలేదు, ట్రే తీసి బల్ల మీద పెట్టడమే. ఖర్చు లెక్క చూసుకుంటే అలమర, చక్రాల బల్ల కలిపి మొత్తంలో సగానికి మించాయి, రంగు పని తరువాతి స్థానంలో ఉంది. దీపాలు, తెరలు, దిండ్లు, పూలు, ఫ్రేములు అన్నీ కలిపినా రంగు ఖర్చుకు సమానం కాలేదు. డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు ట్రేలతోనూ దీపాలతోనూ మొదలుపెట్టి, అలమర సంగతి తరువాత చూసుకోవచ్చు. ఇంకా మిగిలినవి రెండే. గుమ్మం దగ్గరికి రెండో బెంచీ కావాలి. పనిముట్లు తగిలించిన తలుపు బరువుకు కాస్త కుంగి, కింది అంచు రాచుకుంటోంది. పై కీలు బిగించడానికి "ఈ ఆదివారం వస్తానమ్మా" అన్న వడ్రంగి ఏ ఆదివారమో చెప్పలేదు. ఈలోగా బరువైన కత్తెరలు రెండు సొరుగులోకి మార్చి, ఆ తలుపును చేత్తో కొంచెం పైకెత్తి మూస్తున్నాము.